గుండ్లరేవు సెట్టు పలకని పొద్దు

ఎనిమిది గంటలకు లింగయ్య ఏటి గట్టు మీద నుంచి కేకేశాడు.

"అక్కా! తొమ్మిది అరవై! ఆరుకు చూసినప్పుడు ఎనిమిది పది ఉండె. రెండు గంటలల్ల మీటరున్నర ఎక్కింది. సారుకు చెప్పు, జల్ది!"

ఎసట్లో బియ్యం పోస్తున్న దాన్ని పోస్తున్నట్టే వదిలి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వైర్‌లెస్ గదిలోకి పరుగెత్తాను.

మా గుండ్లరేవు మహదేవపూర్ అవతల, గోదావరి ఒడ్డున ఉంటుంది. ఏటి నీరు ఎంత ఎక్కింది, ఎంత దిగింది అని కొలిచే సర్కారు క్యాంపు ఊరి పైన మిట్ట మీద ఉంది. క్యాంపులో మేం ముగ్గురమే. లింగయ్య రేవులో పాతిన కొలత కంబాలు చూసి లెక్క చెప్తాడు. ఆపరేటరు జగన్మోహన్ ఆ లెక్కను వైర్‌లెస్ సెట్టులో కింది క్యాంపులకు వినిపిస్తాడు. నేను వాళ్లిద్దరికీ వంట చేస్తాను, గదులు ఊడుస్తాను, లింగయ్య చెప్పిన లెక్కను పెద్ద పుస్తకంలో రాస్తాను. రాయడం మూడేళ్ల కింద నేర్చుకున్నాను. ఊళ్లో వయోజన విద్య బడి పెట్టిన ఏడు అది. నాకప్పుడు నలభై ఏడేళ్లు, మా ఆయన పోయి ఆరేళ్లు.

గదిలో జగన్మోహన్ మైకు నోటి దగ్గర పెట్టుకుని అరుస్తున్నాడు. "కొత్తరేవు, కొత్తరేవు, గుండ్లరేవు మాట్లాడుతున్నది, ఓవర్." మీట వదిలి విన్నాడు. సెట్టులోంచి పెనం మీద నీళ్లు చల్లినట్టు సన్నటి చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

"ఏమైంది బిడ్డా?"

"పలుకుత లేదవ్వా. మొన్నటి సంది గొంతు సన్నవడుకుంట వచ్చింది. ఇయ్యాల మొత్తానికే బంద్."

"బిడ్డా, తొమ్మిది అరవై అంట."

అతను నా మొహం వైపు చూశాడు. ఎందుకు చూశాడో నాకు తెలుసు. నా బిడ్డ సమ్మక్క కొత్తరేవులోనే ఉంది. మా ఊరి వాళ్లు ముప్పై మంది నాట్లకని అక్కడికి పోయి పన్నెండు రోజులైంది. పొలం దగ్గరే అని ఏటి ఒడ్డునే, అక్కడి క్యాంపు మిట్ట కిందనే, నీటికి నాలుగు బారల దూరంలో గుడిసెలు వేసుకున్నారు. ఇక్కడ ఎక్కిన నీళ్లు అక్కడికి చేరడానికి అయిదు గంటలు పడుతుంది. అంటే ఒంటి గంటకు ఆ గుడిసెలు ఉండవు. నడుమ వాగు పొంగి రెండు రోజులుగా బస్సు లేదు. ఫోను మహదేవపూర్‌లో ఉంది కానీ అక్కడికి పోవాలన్నా అదే వాగు దాటాలి. మాట పోవాలంటే ఈ పెట్టెలోంచే పోవాలి.

"సమ్మక్క అక్కడ్నే ఉన్నది కదా అవ్వా?"

"అక్కడ్నే ఉన్నది. నువ్వు సెట్టు సంగతి చూడు."

జగన్మోహన్ జనగామ పిల్లవాడు. వచ్చి నాలుగు నెలలైంది. పాత ఆపరేటరు వెంకట్రాం సారు మానుకోటకు బదిలీ అయి పోతూ పోతూ ఒక నోటుపుస్తకం నా చేతిలో పెట్టాడు. "కొత్తాయనకు అక్కరొస్తే ఇయ్యి" అన్నాడు. నేను ఇవ్వబోతే జగన్మోహన్ నవ్వి, "నేను హైదరాబాద్‌ల ఆర్నెల్లు ట్రేనింగ్ చేసిన అవ్వా. ముసలాయన చిట్కాలు నాకెందుకు?" అన్నాడు. అప్పటి నుంచి ఆ పుస్తకం బియ్యం డబ్బా వెనకే ఉంది. చదవడం మరిచిపోకుండా నేనే అప్పుడప్పుడు తీసి రెండు పేజీలు చదువుకునేదాన్ని.

అతను పెట్టె వెనక మూత తీశాడు. ఫ్యూజు పీకి వెలుతురుకు పెట్టి చూశాడు, బాగానే ఉంది. మైకు తీగ అటూ ఇటూ కదిపి చూశాడు. ఇంకో మైకు తగిలించాడు. మళ్లీ "కొత్తరేవు, కొత్తరేవు" అన్నాడు. మళ్లీ అదే పెనం చప్పుడు.

నేను వంటింట్లోకి పోయి పుస్తకం తెచ్చాను.

"చదవాల్నా?"

"చదువు, చదువు. నా చేతులు ఖాళీ లేవు."

వేలు పెట్టి వెతికాను. 'సెట్టు పలకకపోతే' అని పైన రాసి కింద గీత కొట్టి ఉంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మొదలుపెట్టాను. "మొ-ద-ట... కం-గా-రు... ప-డ-కు."

"అయ్యో అవ్వా! గది ఇడిసిపెట్టి ముందుకు పో!"

"బ్యాటరీ చూడు. తీగెలు కలిసే చోట తె... తెల్లటి పొడి ఉంటే వేడినీళ్లతో కడుగు."

బల్ల కింద కారు బ్యాటరీ లాంటిది ఒకటి ఉంటుంది. ఇద్దరం వంగి చూశాం. రెండు కొనల మీదా ఉప్పు పేరుకున్నట్టు తెల్లగా ఉంది. నేను పొయ్యి మీది ఎసరే ముంచుకొచ్చాను. లోపల ఇన్ని బియ్యపు గింజలు తేలుతున్నాయి. జగన్మోహన్ తీగలు విప్పాడు, నేను చిన్నగా పోస్తూ పాత బట్టతో రుద్దాను. ఆరగానే మళ్లీ బిగించాడు. సెట్టు ముందున్న ఎర్ర దీపం ఇంతకు ముందుకన్నా బాగా వెలిగింది.

"ఎలిగింది!" అని నేను చప్పట్లు కొట్టాను.

"కొత్తరేవు, కొత్తరేవు, ఓవర్."

జవాబు లేదు. నా చేతులు అట్లాగే ఆగిపోయాయి.

బయట నుంచి లింగయ్య కేక. "పది నలభై!" తొమ్మిది కావస్తోంది.

నేను పెద్ద పుస్తకంలో పది నలభై అని రాసి, వెంటనే ఇటు వెంకట్రాం సారు నోటుపుస్తకంలో వేలు పెట్టాను. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి.

"జర జల్ది, అవ్వా!"

"నువ్వు గట్ల తొందరవెడితె నాకు ఒత్తులు కనవడయి. ఊకో జర... 'విన-డం, పల-కడం రెండూ పోతే తప్పు పెట్టెలో ఉందా, బయట గాలితీగలో ఉందా తేల్చు. గాలితీగ ఊడబీకి, దాని చోట బారెడు తీగ గుచ్చి విను. చిన్న తీగకు ఎక్కువ వినబడితే తప్పు బయట ఉంది.'"

జగన్మోహన్ తల ఎత్తాడు. "గిది మాకు చెప్పలే."

"చెప్పినా నువ్వు ఇనలేదేమో."

వాకిట్లోని గాలితీగ కంబం మీంచి వచ్చే లావు తీగను పెట్టె వెనక నుంచి పీకాడు. బారెడు తీగ ఎక్కడిది? చుట్టూ చూశాడు. నేను కిటికీకి కట్టిన దండెం విప్పాను. అతని లుంగీ, బనీను కింద పడ్డాయి. ఇనుప తీగే అది. కొన మీది తుప్పు కత్తితో గీకి రంధ్రంలో గుచ్చాడు.

గుచ్చగానే గదిలో మనుషులు నిండినట్టయింది. ఎక్కడివో ఏ భాషో తెలియని మాటలు. ఒకడు దగ్గుతున్నాడు, ఇంకొకడు అంకెలు చదువుతున్నాడు. అన్నీ సన్నగానే ఉన్నాయి, కానీ ఉన్నాయి! పెట్టె బతికే ఉంది!

"అవ్వా! పెట్టె మంచిగున్నది! బారెడు తీగకు ఇంత వస్తున్నదంటే గంత పెద్ద గాలితీగకు ఎందుకు రాదు? తప్పు బయటనే!"

"మరి గా దండెంతోనే కొత్తరేవును పిలువు."

పిలిచాడు. "దీంతోటి ఇనుడు అయితది గని, మన మాట ఊరు దాటదు. పా, కంబం కాడికి!"

ఇద్దరం వాకిట్లోకి పరుగెత్తాం. రాత్రి వాన వెలిసి ఎండ కాస్తోంది, ఆకాశంలో మబ్బు తునక లేదు. గది నుంచి లావు తీగ నేల మీదుగా పోయి కంబం ఎక్కుతుంది. కంబానికి రొమ్మెత్తున చిన్న చెక్కపెట్టె ఉంటుంది. కింది తీగ, పై తీగ అందులోనే కలుస్తాయి. దాని దగ్గరికి రాగానే ఆగిపోయాను.

పెట్టె కనబడడం లేదు. దాని చుట్టూ పసుపు గుడ్డ, గుడ్డలో దోపిన వేపమండలు. కంబానికి పసుపు పూత, కుంకుమ బొట్లు. అంతా మొన్నటి ఆదివారం బోనాల నాడు మా వాడకట్టు ఆడవాళ్లం చేసిందే. నిరుడు వరద వస్తోందని ఈ కంబం ముందే చెప్పింది, మా పశువులన్నీ బతికాయి. అందుకని ఈసారి పోశమ్మ గుడి దగ్గర బోనం దించాక, కంబానికి కూడా మొక్కుదామని అందరం ఇటు వచ్చాం. సాక పోశాం. సాక అంటే పసుపు, బెల్లం, వేపాకు కలిపిన నీళ్లు. చెంబెడు కాదు, అయిదు కుండలు. అందరికన్నా ముందు పోసింది నేను. పెద్దదాన్నని పై నుంచి పొయ్యమన్నారు, పెట్టె మీదుగా పోశాను.

"బిడ్డా," అన్నాను, "సెట్టు గొంతు ఏ దినం సంది సన్నవడ్డదంటివి?"

"సోమవారం సంది."

"అయితె నేనే చెడగొట్టిన."

అతనికి అర్థం కాలేదు. గుడ్డ విప్పబోయాడు. అప్పుడే లెక్క చెప్పడానికి వచ్చిన లింగయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఓ సారూ, ముట్టకు! బోనమెక్కిన కంబం అది. తల్లికి కట్టిన మండలు ఏరు ఎక్కేటప్పుడు ఇప్పుతరా ఎవరన్న? ఉల్టా అయితది!"

"ఏరు ఎక్కుతున్నదనే ఇప్పుతున్న!" అని జగన్మోహన్ అరిచాడు.

"నువ్వు పట్నపోనివి, నీకు తెల్వది. అక్కా, నువ్వన్న చెప్పు."

లింగయ్య మీద నాకు కోపం రాలేదు. వేరే రోజైతే నేనూ అదే మాట అనేదాన్ని. కానీ కళ్ల ముందు కొత్తరేవు గుడిసెలు కనబడుతున్నాయి. సమ్మక్క ఆ పొద్దుకు మడిలో వంగి నాటు వేస్తూ ఉంటుంది. ఏటి వైపు వీపు పెట్టి.

"లింగయ్యా, గివి కట్టిన చేతులు ఎవరియి?"

"నీయే."

"అయితె నేనే ఇప్పుతున్న. తల్లి ఏమన్న అంటె నన్నంటది. మీద వడితె నా మీద పడుతది. నువ్వు పక్కకు జరుగు."

ముడి తడికి బిగుసుకుపోయింది. పళ్లతో లాగి విప్పాను. నోరంతా పసుపు చేదు. మండలు తీసి కింద పడకుండా లింగయ్య చేతుల్లోనే పెట్టాను. అతను కళ్లకద్దుకుని గట్టిగా పట్టుకున్నాడు.

జగన్మోహన్ పెట్టె మూత మరలు తిప్పాడు. మూత ఊడగానే "అమ్మో!" అని వెనక్కి ఎగిరాడు.

లోపల చీమలు. ఎర్రచీమలు. పిడికెడు కాదు, దోసెడు కాదు, పెట్టె నిండా. బెల్లం నీళ్లకు ఎక్కి, అక్కడే మన్ను తెచ్చి పుట్ట పెట్టుకుని, తెల్లటి గుడ్లు పెట్టుకుని కాపురం చేస్తున్నాయి. వేపమండలు, గుడ్డ కలిసి తడి ఆరనివ్వలేదు. రాగి తీగ కొనలు పచ్చటి చిలుము పట్టి ఉన్నాయి. తీగకు తీగకు నడుమ బంకలాగా బెల్లం.

"మాటలు ఎట్ల పోతయి? నడుమ సంతనే పెట్టినయి!" అన్నాడు లింగయ్య, భయం మరిచి తొంగి చూస్తూ.

జగన్మోహన్ చెయ్యి పెట్టాడు, వెంటనే తీశాడు. మోచేతి దాకా కుట్టాయి. నేను వంటింట్లోకి పరుగెత్తాను. దీపంలో పోసే గ్యాసునూనె సీసా, చింతపండు, బూడిద, పొడి బట్ట, అన్నీ ఒడిలో వేసుకుని వచ్చాను. పొయ్యి మీద అన్నం మాడు వాసన వస్తోంది. మాడనీ అనుకున్నాను.

ముందు గ్యాసునూనె చల్లాను. చీమలు కంబం మీంచి జలజలా రాలాయి, కొన్ని నా రవికెలోకి పోయాయి. అతను తీగ కొనలు విప్పి నాకిచ్చాడు.

"గీకాల్నంటే గీకు కాయితం గావాలె అవ్వా. మన దగ్గర లేదు."

"రాగి కడుగుడు నాకు చెప్తున్నవా? ముప్పై ఏండ్ల సంది బిందెలు తోముతున్న."

చింతపండు, బూడిద కలిపి తీగ కొనలు తోమాను. చీమలు మెడ మీద కుడుతూనే ఉన్నాయి, ఎగురుతూనే తోమాను. పచ్చదనం పోయి, నలుపు పోయి, తీగ కొత్త బిందె అంచులా మెరిసింది.

"తడి ఉండద్దు అవ్వా, పులుపు ఉండద్దు."

మంచినీళ్లతో కడిగాను, గ్యాసునూనె గుడ్డతో తుడిచాను, పొడి బట్టతో మళ్లీ తుడిచాను. జగన్మోహన్ పెట్టె లోపలంతా గీకి, తుడిచి, కొనలు జత చేసి మరలు బిగించాడు. బిగిస్తూ బిగిస్తూ చీమలను తిట్టాడు. ఆ తిట్లు ఇక్కడ రాయను.

లింగయ్య మండలు పట్టుకునే గట్టు దాకా పోయి వచ్చాడు. "పదకొండు ముప్పై! పది దాటింది టైము!"

గదిలోకి ముగ్గురం ఒకేసారి దూరబోయి గుమ్మంలో ఇరుక్కున్నాం. జగన్మోహన్ దండెం తీగ పీకి, లావు తీగ గుచ్చాడు. మీట నొక్కాడు.

"కొత్తరేవు, కొత్తరేవు. గుండ్లరేవు మాట్లాడుతున్నది. ఓవర్."

మీట వదిలాడు. పెనం చప్పుడు. ఒకటి, రెండు, మూడు...

"గుండ్లరేవు! ఏడ సచ్చినవు జగన్మోహనూ? పొద్దటి సంది పిలుస్తున్న! ఓవర్!"

ఆ గొంతు కొత్తరేవు ఆపరేటరు యాదగిరిది. గది అదిరేటంత గట్టిగా, పక్కనే కూర్చున్నట్టు వినబడింది. నేను లింగయ్య భుజం మీద గుద్దాను. లింగయ్య వేపమండలతో సహా చేతులెత్తి దండం పెట్టాడు. జగన్మోహన్ లెక్కలన్నీ చెప్పాడు. ఆరు గంటలకు ఇంత, ఎనిమిదికి ఇంత, పదికి ఇంత, గుడిసెలు వెంటనే ఖాళీ చేయించమని.

"ఇక్కడ ఎండ కొడుతున్నది, ఏరు పడుకున్నట్టున్నది. అయినా చెప్తా. ఓవర్" అని యాదగిరి పోయాడు.

అరగంట మేం సెట్టు ముందు నుంచి కదల్లేదు. యాదగిరి తిరిగి వచ్చినప్పుడు గొంతు ముందులా లేదు.

"ఎవ్వరు ఇంటలేరన్నా. వాన లేదు, మబ్బు లేదు, మీటర్ల లెక్క మాకు తెల్వదు అంటున్నరు. అదును పోతది, ఈ మడి అయినంక వస్తం అంటున్నరు. ఒక్క సమ్మక్క అనే ఆమె మాత్రం నా ఎంబడి వచ్చింది. మా అవ్వ చెప్తె ఇంట అంటున్నది. ఓవర్."

ఆ మైకు ఆపరేటరు తప్ప ఎవరూ ముట్టకూడదు, గోడ మీద అట్ట కట్టి రాసి ఉంటుంది. నేను చదివాను కూడా. జగన్మోహన్ ఒక్క క్షణం ఆ అట్ట వైపు చూసి, మైకు నా చేతిలో పెట్టాడు. "నొక్కి మాట్లాడు, ఇడిసి ఇను."

నొక్కాను. "సమ్మక్కా!"

ఏమీ రాలేదు.

"ఇడువు అవ్వా, ఇడువు!"

వదిలాను. "...అవ్వా, నువ్వేనా? ఏంది గీ పరేషాన్? ఏరు మంచిగనే ఉన్నది కదనే. పదకొండు మీటర్లంటె ఎంత? మీటరు ఎవలు చూసిండ్రు?" నా బిడ్డ గొంతు. తిట్టేటప్పుడు ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది.

మీటర్ల లెక్క దానికి తెలియదు. మూడేళ్ల కింద నాకూ తెలియదు. కిటికీలోంచి ఏటి వైపు చూశాను. మా రేవులో ఏనుగంత బండ ఒకటి ఉంది, దాని మీద మా ఊరి పిల్లలంతా ఈత నేర్చుకుంటారు. ఏనుగు గుండు అంటాం. అది మునగడం సమ్మక్క తన చిన్నప్పుడు ఒక్కసారే చూసింది. ఆ ఏడు మా వీధిలో సగం ఇళ్లు పోయాయి. ఇప్పుడు అక్కడ బండ లేదు. ఎర్రటి నీళ్లు సుడి తిరుగుతున్నాయి.

నొక్కాను. "బిడ్డా, ఏనుగు గుండు మునిగింది."

వదిలాను.

అటు కుర్చీ పడ్డ చప్పుడు. తలుపు కొట్టుకున్న చప్పుడు. ఆ తర్వాత దూరంగా, అయినా స్పష్టంగా, నా బిడ్డ అరుపు: "ఓ అండాలక్కా! నారు ఇసిరెయ్యుండ్రి! ఏనుగు గుండు మునిగిందంట! మా అవ్వ చెప్పింది! ఉరుకుండ్రి!" ఆ అరుపు వెనకే ఎన్నో గొంతులు, పిల్లల ఏడుపులు, గిన్నెల చప్పుడు. యాదగిరి మీట వదలడం మరిచిపోయాడేమో, అంతా వినబడుతూనే ఉంది. మేం ముగ్గురం సెట్టుకు చెవులు ఆనించి విన్నాం. పరుగులు దూరమయ్యేదాకా విన్నాం.

ఒంటిగంట దాటాక యాదగిరి మళ్లీ పలికాడు. ఈసారి నవ్వుతున్నాడు.

"గుండ్లరేవూ, గుడిసెలు పోయినయి. అన్ని పోయినయి. మనుషులు ముప్పై మంది, పిల్లలు ఆరుగురు మిట్ట మీద బడిల ఉన్నరు. అందరు మంచిగున్నరు. ఓవర్."

జగన్మోహన్ కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. చీమలు కుట్టిన చెయ్యి వాచి గుమ్మడికాయలా ఉంది. లింగయ్య పొద్దున్నుంచి పట్టుకున్న మండలను మెల్లగా కిటికీలో పెట్టాడు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

"ఇంకొక్క మాట," అంది సెట్టు. "సమ్మక్క అడుగుమన్నది. అందరికి చెప్పుడు సరే, మన మేకలను మిట్టకు తోలినవా, లేదా అని. ఓవర్."

నేను గడియారం చూశాను, ఏటిని చూశాను. మైకు అందుకుని నొక్కాను.

"తోలుతున్ననని చెప్పు!"

ఓవర్ అనడం మరిచిపోయాను. మైకు జగన్మోహన్ ఒళ్లోకి విసిరి, కొంగు నడుముకు దోపి, మిట్ట దిగి ఉరికాను. వెనక లింగయ్య పగలబడి నవ్వుతూ నాతో పాటే ఉరికాడు. మా వీధిలో నీళ్లు మోకాలు దాకా వచ్చాయి. మా అరుగు మీద రెండు మేకలూ తాళ్లు బిగిసేలా నిలబడి, నన్ను చూడగానే సెట్టు కన్నా గట్టిగా అరవడం మొదలుపెట్టాయి. ఒకదాన్ని నేను ఎత్తుకున్నాను, రెండో దాన్ని లింగయ్య భుజాన వేసుకున్నాడు. దారి పొడవునా అది అతని చెవిలో అరుస్తూనే ఉంది.